రేకుర్తి కంటి దవాఖాన

కరీంనగర్ పల్లెల్లో కంటికి పొర కమ్మిందంటే 'రేకుర్తికి పోరాదే' అంటరు. అక్కడి కంటి దవాఖాన లయన్స్ క్లబ్ వాళ్లది. 1917లో షికాగోలో పుట్టిన ఆ సంస్థను, అంధుల పక్షాన నిలవమని 1925లో హెలెన్ కెల్లర్ అడిగారు. అప్పటి నుంచి చూపే వాళ్ల పెద్ద పని.

మరి దవాఖాన నడవడానికి పైసలు? దాతల విరాళాలు కొన్ని. మోతిబిందు ఆపరేషన్‌కు ఇంతని స్వచ్ఛంద దవాఖానలకు సర్కారు ఇచ్చే సాయం కొంత. ఆ సాయం జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం కింద వస్తుంది; అది 1976 నాటిది. లయన్స్ నియమం ఒకటి నాకు బాగా నచ్చుతుంది: జనం దగ్గర వసూలు చేసిన సొమ్ము జనసేవకే పోవాలి. క్లబ్బు మీటింగులు, విందుల ఖర్చు సభ్యులు కట్టే రుసుములోంచే. చందా ఇచ్చేటప్పుడు ఏ క్లబ్బునైనా ఈ లెక్క అడగండి, మొహమాటం వద్దు. ఇంట్లో పెద్దలకు చూపు మసకబారితే, ముదిరేదాకా ఆగకుండా చూపించండి.