ఉగ్గుగిన్నె ఎవరి చేతిలో?

(ఉద్యోగినుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రసూతి సెలవు ముగియవచ్చిన తల్లులు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "బిడ్డ సీసా పట్టడం లేదక్కా, డ్యూటీకెలా వెళ్లను?" ఇంట్లో వాళ్ల దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది: "ఉద్యోగం మానెయ్." ఈ ఒక్క కారణం చూపి ఎందరి చేత జీతాలు వదిలించారో మనకు తెలియనిది కాదు.

బిడ్డది మొండితనం కాదు. రొమ్ము చీకేటప్పుడు నాలుక కదిలే తీరు వేరు, పాలపీక చీకే తీరు వేరు. పైగా తల్లి వాసన తగులుతుంటే రబ్బరు పీక ఎందుకు పడతాడు? అందుకని మొదట్లో ఇంకొకరు పట్టాలి. తల్లి ఆ గదిలో లేకపోతే మరీ మంచిది. డ్యూటీలో చేరడానికి రెండు మూడు వారాల ముందే మొదలుపెట్టండి. గుక్కపట్టి ఏడుస్తున్నప్పుడు కాదు, హుషారుగా ఉన్నప్పుడు. పిండిన తల్లిపాలే, ఒకటి రెండు చెంచాలు చాలు. వేణ్నీళ్ల గిన్నెలో పెట్టి గోరువెచ్చన చేయండి. బిడ్డను నిటారుగా ఎత్తుకుని, పీకను పెదవికి తాకించి, తనే నోరు తెరిచేదాకా ఆగండి. మొహం తిప్పుకుంటే ఆపేయండి. బలవంతం చేస్తే సీసా చూడగానే ఏడుపు మొదలవుతుంది.

అసలు సీసాయే ఎందుకు? మన ఇళ్లలో ఉగ్గుగిన్నె ఉంది. కడగడం, మరిగించడం తేలిక. సీసా మూలల్లో, పీకలో మిగిలిన పాలు విరేచనాలు తెచ్చిపెడతాయి. 1992 నాటి చట్టం పాలపొడితో పాటు పాలసీసాల ప్రకటనలను కూడా నిషేధించింది. గిన్నెతో పట్టేటప్పుడు పాలు గొంతులో పోయకూడదు. అంచు కింది పెదవికి ఆనిస్తే బిడ్డే చప్పరిస్తుంది. పిండిన పాలు 25 డిగ్రీల లోపు 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు ఉంటాయి. మన ఎండల్లో బయట అంతసేపు ఉంచవద్దు.

ఆ గిన్నె పట్టే చేయి ఎవరిది? అత్తగారిదో, ఆడబిడ్డదో, పనిమనిషిదో అనుకుంటాం. తండ్రి ఎందుకు పట్టకూడదు? దానికి కావలసింది ఓపిక, అంతే.

ఇక యాజమాన్యం సంగతి. బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా రోజుకు రెండుసార్లు పాలివ్వడానికి విరామం 1961 చట్టంలోనే ఇచ్చారు. 2017 సవరణ మొదటి ఇద్దరు బిడ్డలకు సెలవును 26 వారాలకు పెంచింది, 50 మంది లేదా అంతకు మించి పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలంది. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఈ హక్కులున్నాయి. కానీ ఎంతమంది బాత్రూములో నిలబడి పాలు పిండి పారబోస్తున్నారు! ఇళ్లలో పనిచేసే స్త్రీలకు, వ్యవసాయ కూలీలకు ఆ విరామం కాగితం మీద కూడా అందలేదు.

కాబట్టి గడియ ఉన్న ఒక గది, కుర్చీ, చేతులు కడుక్కోను నీళ్లు, పాలు దాచడానికి ఫ్రిజ్‌లో చోటు కావాలని రాతపూర్వకంగా అడుగుదాం. ఒక్కరుగా కాదు, అందరం సంతకాలు పెట్టి అడుగుదాం. పిల్లలు లేనివాళ్లూ, పిల్లలు పెద్దవాళ్లయినవాళ్లూ కూడా సంతకం పెట్టాలి.