పిలవని పేరంటం: ఫోను తనంతట తాను కలుపుకొనే సంబంధాలు

(అడ్డతీగలలో పాల సంఘాల సభ్యుల, కార్యదర్శుల శిక్షణ సమావేశంలో సమాఖ్య తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఎప్పుడూ పచ్చిమేత గురించో, గాలికుంటు టీకాల గురించో, శుభ్రమైన పాల గురించో మాట్లాడే మేము ఈసారి సెల్‌ఫోను గురించి మాట్లాడబోతున్నాం. పాడికీ ఫోనుకూ పొత్తేమిటని కొందరికి అనిపించవచ్చు. కాని ఈనాడు చాలా సంఘాలలో పాల తూకం, వెన్నశాతం, ఎస్.ఎన్.ఎఫ్. లెక్కలు యంత్రం నుంచి ఫోనుకూ, ఫోను నుంచి పై కార్యాలయానికీ పోతున్నాయి. పాల డబ్బు ఖాతాలో పడిందన్న కబురు ఫోనుకే వస్తోంది. పశువు చెవికి వేసిన పోగు మీది 12 అంకెల నంబరు ఫోనులోనే నమోదవుతోంది. పశువుకు జబ్బు చేస్తే 1962కు ఫోను చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలుస్తున్నాం. కనుక పాల క్యాను ఎంత అవసరమో ఫోనూ అంత అవసరమైంది. క్యాను శుభ్రంగా ఉంచుకోవడం నేర్చుకున్నట్టే, ఫోనును అదుపులో ఉంచుకోవడమూ నేర్చుకోవాలి.

ఈ అడ్డతీగల పోలీసు ఠాణా మీదికి 1922 అక్టోబరులో అల్లూరి సీతారామరాజు గారు ముందుగా కబురు పంపి మరీ వచ్చారని పెద్దలు చెబుతారు. మన ఫోనులోని సంబంధాలకు అటువంటి మర్యాద లేదు. మనం చెప్పకుండానే వైఫైకి కలుస్తుంది. ఆపిన బ్లూటూత్ మళ్లీ వెలుగుతుంది. ఫోను మోగుతుంది, ఎత్తితే మాట వినబడదు. రోజుకిచ్చిన డేటా పొద్దెక్కక ముందే అయిపోతుంది. ఇవన్నీ ఫోను చెడిపోయిన గుర్తులని చాలామంది భయపడి బాగుచేసే దుకాణానికి పరుగెత్తుతున్నారు. నూటికి తొంభైపాళ్లు ఆ అవసరం లేదు.

ఫోను ఎందుకిలా చేస్తుంది?

ఒకసారి తవుడు దొరికిన గుమ్మం వైపు గేదె మళ్లీ మళ్లీ పోతుంది. అదిలించి తోలినా, మరునాడు అదే గుమ్మం ముందు నిలబడుతుంది. ఫోను స్వభావమూ అంతే. ఏనాడో బంధువుల ఇంట పెళ్లిలోనో, బస్టాండులోనో, ఆసుపత్రిలోనో ఒకసారి వైఫైకి కలిపాం. ఆ పేరు ఫోను రాసి పెట్టుకుంది. మళ్లీ ఆ పేరు గాలిలో కనబడగానే, యజమాని అనుమతి ఇదివరకే ఉంది కదా అని కలిసిపోతుంది. అంటే అది మన మాట విననందువల్ల కాదు, మన పాత మాటను మరువనందువల్ల వచ్చిన చిక్కు. కాబట్టి వైద్యం కూడా అక్కడే ఉంది: అక్కరలేనివాటిని ఫోను చేత మరపించాలి.

చిక్కు వచ్చినప్పుడు ముందుగా అది ఏ దారిన వచ్చిందో తెలుసుకోవాలి. దారులు నాలుగు: వైఫై, హాట్‌స్పాట్, బ్లూటూత్, సిమ్ములోని మొబైల్ డేటా. ఒక్కొక్కదానిని ఆపి చూస్తూ పోతే ఏది కారణమో తేలుతుంది. నాలుగింటినీ ఒకేసారి మార్చివేస్తే ఏ మందుకు ఏ జబ్బు తగ్గిందో తెలియదు.

మొదటిది, వైఫై

సాయంకాలం పాలు పోయడం అయింది. కార్యదర్శి లెక్క పంపబోతే చక్రం తిరుగుతూనే ఉంటుంది. పైన వైఫై గుర్తు మాత్రం నిండుగా ఉంటుంది. ఇక్కడ ఒక్క విషయం గట్టిగా గుర్తుంచుకోవాలి. ఆ గీతలు పెట్టె మనకెంత దగ్గరలో ఉందో చెబుతాయి గాని, ఆ పెట్టెకు ఇంటర్నెట్ వస్తున్నదో లేదో చెప్పవు. కుళాయి మెరిసినంత మాత్రాన ట్యాంకులో నీళ్లున్నట్టు కాదు గదా! గాలివానకు కొండదారిలో ఎక్కడో తీగ తెగితే, కరెంటున్నంతసేపూ పెట్టె వెలుగుతూనే ఉంటుంది, ఫోను దానిని అంటిపెట్టుకొనే ఉంటుంది. లైను పూర్తిగా తెగితే చాలా ఫోన్లు పసిగట్టి వైఫై గుర్తు పక్కన ఆశ్చర్యార్థకం చూపి మొబైల్ డేటాకు మారతాయి. తెగీ తెగక సన్నగా నడుస్తుంటే మాత్రం పసిగట్టలేక అక్కడే వేలాడతాయి.

వెంటనే చేయవలసింది వైఫై ఆపి, మొబైల్ డేటాతో లెక్క పంపడం. శాశ్వతంగా చేయవలసింది వేరే ఉంది. సెట్టింగ్స్‌లో వైఫై తెరిచి, ఆ పేరు పక్కనున్న పళ్లచక్రం బొమ్మను నొక్కాలి. ఆండ్రాయిడ్ ఫోన్లలో అక్కడ ‘ఆటో కనెక్ట్’ అన్న మీట ఉంటుంది. ఎప్పుడైనా పనికివచ్చే వైఫై అయితే ఆ మీట ఆపితే చాలు. ఇక మనం కోరితేనే కలుస్తుంది. ఎన్నడూ అక్కరలేనిదైతే ‘ఫర్గెట్’ నొక్కి మరపించాలి. ఐఫోనులో ఇదే పనిని ‘ఆటో జాయిన్’, ‘ఫర్గెట్ దిస్ నెట్‌వర్క్’ అన్నచోట చేయాలి. ఫోను కంపెనీని బట్టి మాటలు కొంచెం మారవచ్చు గాని పద్ధతి ఒక్కటే.

వైఫై ఆపినా మళ్లీ వెలుగుతోందని మరికొందరి ఫిర్యాదు. ఆండ్రాయిడ్‌లో వైఫై ప్రాధాన్యాల జాబితాలో ‘వైఫైని ఆటోమేటిక్‌గా ఆన్ చేయి’ అనే మీట ఉంటుంది. పాత పరిచయమున్న వైఫై దగ్గరకు రాగానే అది తానే తెరుచుకుంటుంది. దానిని ఆపాలి. ఐఫోనులో తెర మీద నుంచి లాగే పలకలో వైఫై గుర్తును నొక్కితే అది ఆగినట్టు కనబడుతుంది గాని, నిజానికి ఆ పూటకే విడిపోతుంది. తెల్లవారుజాము 5 గంటలకు, అంటే సరిగ్గా మనం పాలు పితికే వేళకు, మళ్లీ కలుపుకోవడం మొదలుపెడుతుంది. పూర్తిగా ఆపాలంటే సెట్టింగ్స్‌లోకి పోయే ఆపాలి.

తాళం లేని వైఫైల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. తాళం ఉన్న వైఫై అయితే పేరుతో పాటు తాళపుమాట కూడా సరిపోవాలి. తాళం లేనిదానిని ఫోను కేవలం పేరుతోనే పోలుస్తుంది. అదే పేరు పెట్టి ఒక మోసగాడు తన పెట్టెను తెరిచి కూర్చుంటే, మన ఫోను పాత చుట్టమనుకొని పోయి కలుస్తుంది. ఆ మీదట దొంగ పేజీ చూపించి మన నంబరు, ఓటీపీ అడగవచ్చు. బ్యాంకు యాప్‌లు రాతను గుప్తంగానే పంపుతాయి గనుక కలిసినంత మాత్రాన డబ్బు పోదు. మనం దొంగ పేజీలో మన చేతులతో రాసి ఇస్తేనే పోతుంది. అందువల్ల బస్టాండు, సంత, లాడ్జీల తాళం లేని వైఫైలను పని కాగానే మరపించండి. ఓటీపీ ఎవరికీ ఇవ్వవద్దు. ఒకవేళ డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయండి.

రెండవది, హాట్‌స్పాట్

మన ఫోను డేటాను పక్క ఫోనుకు ఇవ్వడాన్నే హాట్‌స్పాట్ అంటున్నాం. మన కొండ గ్రామాలలో ఒకరి ఫోనుకు టవరు అందితే పదిమంది దానిమీద ఆధారపడడం మంచి అలవాటే. కాని ఒకసారి తాళపుమాట చెప్పినవారి ఫోన్లన్నీ దానిని గుర్తుంచుకుంటాయి. మరునాడు మీరు సంఘం పనికి హాట్‌స్పాట్ తెరవగానే వరుసలో నిలబడినవారి ఫోన్లు వారికే తెలియకుండా కలుస్తాయి. హాట్‌స్పాట్ కూడా చూపుకు వైఫైలాగే ఉంటుంది గనుక, కొన్ని ఫోన్లు ఇది ఖర్చులేని ఇంటర్నెట్ అనుకొని యాప్‌ల కొత్త రూపాలు దించుకోవడం, ఫొటోలు భద్రపరచడం మొదలుపెడతాయి. రోజు డేటా ఆ విధంగా హరించిపోతుంది.

దీనికి మూడు ఉపాయాలున్నాయి. హాట్‌స్పాట్ తాళపుమాటను అప్పుడప్పుడూ మార్చాలి. ఎవరూ వాడనప్పుడు దానంతట అదే మూతపడే మీటను పెట్టాలి. ఇతరుల హాట్‌స్పాట్ వాడుకొనేవారు తమ ఫోనులో ఆ పేరును ‘మీటర్డ్’ అని గుర్తుపెట్టాలి. అప్పుడు ఫోను ఇది కొలిచి వాడే సరకని తెలుసుకొని పెద్ద పెద్ద దిగుమతులు మానుకుంటుంది.

మూడవది, బ్లూటూత్

పాల కేంద్రంలో చీటీ ముద్రించే చిన్న ప్రింటరూ, కొన్నిచోట్ల తూకం కాటా కూడా బ్లూటూత్‌తోనే ఫోనుకు కలుస్తున్నాయి. దాని అందుబాటు సుమారు పది మీటర్లు. ఇటువంటి ప్రింటరు సాధారణంగా ఒక వేళ ఒక ఫోనుకే పలుకుతుంది. పాత కార్యదర్శి ఫోనులో జత మిగిలి ఉండి, ఆయన యాప్ తెరచి వరుసలో నిలబడితే ప్రింటరు అటు మళ్లవచ్చు. ఇటు చీటీ రాదు. చీటీ రాకపోతే సభ్యుడికి తూకం మీద అనుమానం కలుగుతుంది. ఆ అనుమానం ఫోను మీదికి పోదు, కార్యదర్శి మీదికి పోతుంది. సంఘానికి పెట్టుబడి నమ్మకమే గనుక ఇది చిన్న విషయం కాదు. కార్యదర్శి మారిన రోజున తాళంచెవులు, రశీదు పుస్తకాలు అప్పగించినట్టే, పాత ఫోనులో ప్రింటరు జతను తొలగించడం కూడా అప్పగింతలో భాగం కావాలి.

ఫోను ఎత్తితే మాట వినబడకపోవడానికి కూడా తరచు ఇదే కారణం. మాట పక్క గదిలోని స్పీకరుకో, మీరెక్కిన ఆటోలోని పాటల పెట్టెకో పోతూ ఉంటుంది. మాట్లాడుతున్నప్పుడు తెరపై కనిపించే స్పీకరు గుర్తును నొక్కి ‘ఫోన్’ ఎంచుకుంటే మాట తిరిగి వస్తుంది. తరువాత బ్లూటూత్ జాబితాలో ఆ పరికరం పక్కనున్న గుర్తు నొక్కి, ‘కాల్స్’ మీట ఆపవచ్చు, లేదా జతనే తొలగించవచ్చు. తెలియని పరికరం జత కడతానని అడిగితే ఒప్పుకోకండి.

నాల్గవది, మొబైల్ డేటా

వై. రామవరం వైపు, మారేడుమిల్లి వైపు కొండ మలుపుల్లో ఒక టవరు పోయి మరొకటి వస్తుంది. రెండు సిమ్ములున్న ఫోనులో ‘డేటాను ఆటోమేటిక్‌గా మార్చు’ అన్న మీట వేసి ఉంటే, ఒక సిమ్ము బలహీనపడగానే రెండవ సిమ్ము డేటా ఖర్చవుతుంది. అది ఇష్టం లేనివారు మీట ఆపి, డేటా ఏ సిమ్ముదో తామే నిర్ణయించుకోవాలి. నెట్‌వర్కును చేతితో ఎంచుకున్నవారు ఊరు దాటేటప్పుడు మళ్లీ ఆటోమేటిక్‌కు మార్చడం మరువరాదు. మరిస్తే వేరొక చోట సిగ్నలే దొరకదు.

సిగ్నలు లేనిచోట ఫోను ఊరుకోదు. టవరు కోసం పదేపదే వెదుకుతూ బ్యాటరీని తినివేస్తుంది. రాత్రి ఈనలేక అవస్థపడుతున్న ఆవు ఉంటే 1962కు చేయడానికి ఛార్జి మిగలదు. సిగ్నలు అందని లోయలో ఎక్కువసేపు ఉండవలసివస్తే ఫోనును ఫ్లయిట్ మోడ్‌లో ఉంచండి. గట్టెక్కగానే తీసివేయండి. ఫ్లయిట్ మోడ్‌లో మీకు ఎవరి ఫోనూ రాదన్న సంగతి ఇంట్లో చెప్పి ఉంచండి.

అన్నీ ఆపేయడం మందు కాదు

ఇంత విన్న తరువాత కొందరు అన్ని మీటలూ కట్టేసి ఊరుకోవచ్చు. అది కూడదు. గేదె ఒకసారి తప్పిపోయిందని ఎల్లకాలం గుంజకు కట్టేయం కదా! మనకు నమ్మకమైన సంఘం వైఫైకీ, ఇంటి వైఫైకీ ఆటో కనెక్ట్ ఉంచుకోవడమే మేలు. టవరు అందని గ్రామంలో వైఫై ఉంటే, ‘వైఫై కాలింగ్’ మీట వేసుకున్న ఫోనుతో, సిమ్ము కంపెనీ ఆ సౌకర్యం ఇస్తున్నట్టయితే, మామూలుగా మాట్లాడవచ్చు. నెట్‌వర్క్ సెట్టింగ్స్ అన్నిటినీ ఒక్కసారిగా చెరిపివేసే ‘రీసెట్’ కూడా ఉంది. ఫొటోలు, నంబర్లు పోవు గాని, దాచుకున్న వైఫై తాళపుమాటలు, బ్లూటూత్ జతలు అన్నీ పోతాయి. ప్రింటరును మళ్లీ మొదటి నుంచి కలపాలి. కనుక దానిని ఆఖరి మందుగా, పాల వేళ కాని వేళ మాత్రమే వాడండి.

సంఘాలకు మా మనవి

ఒకటి, సంఘం పనికి వీలైతే ఒక ఫోను ప్రత్యేకంగా ఉంచండి. దానిని పిల్లల ఆటలకు, సినిమాలకు ఇవ్వకండి.
రెండు, సంఘం వైఫైకి తప్పక తాళం పెట్టండి. తాళపుమాటను గోడ మీద రాయకండి.
మూడు, నెలకొకసారి పాల బిల్లు చేసే రోజున, ఫోనులో దాచి ఉన్న వైఫై పేర్లు, బ్లూటూత్ జతలు చదివి, గుర్తుపట్టలేనివాటిని తొలగించండి.
నాలుగు, లెక్క పంపిన తరువాత అది చేరినట్టు తెరపై చూసుకొనేవరకు యాప్ మూయకండి.
అయిదు, ప్రింటరు మొరాయించినా చేతిరాత రశీదు పుస్తకం కేంద్రంలో సిద్ధంగా ఉంచండి. ఏ సభ్యుడూ, ఏ సభ్యురాలూ చీటీ లేకుండా ఇంటికి పోరాదు.

చదువుకున్న పిల్లలున్న ఇళ్లవారు ఈ మీటలను వారిచేత ఒకసారి చూపించుకోండి. కాని మీట వేసే చేయి మీదే కావాలి. చూసి నేర్చినది మరుస్తాం, చేసి నేర్చినది నిలుస్తుంది. మీ సంఘంలో ఈ పద్ధతులు పాటించాక కూడా తెగని చిక్కు ఉంటే, ఫోను రకం, చిక్కు వచ్చిన వేళ, పైన కనిపించిన గుర్తు రాసి మా పర్యవేక్షకునికి అందజేయండి. తరువాతి సమావేశంలో దానికి సమాధానంతో వస్తాం. మీరు పోసిన ప్రతి లీటరు లెక్కా చెదరకుండా చేరాలన్నదే మా కోరిక.

సెలవు.