హస్తలాఘవం లేని ఇంద్రజాలం

మార్టిన్ గార్డ్‌నర్‌ను తలచుకునే సభలో గణితం గురించి వినాల్సి వస్తుందని చాలామంది సిద్ధపడి వచ్చి ఉంటారు. సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో ఆయన దాదాపు పాతికేళ్లు నడిపిన శీర్షిక అలాంటిది మరి. అయితే ఆ శీర్షిక ఇంకా పేరు తెచ్చుకోకముందే, 1956లో, మ్యాథమెటిక్స్, మ్యాజిక్ అండ్ మిస్టరీ అనే చిన్న పుస్తకం వేశారాయన. దాని తొలి రెండు అధ్యాయాలూ పేకముక్కల గారడీవే. ఈ పూట నేను తీసుకున్న ప్రశ్న కూడా చిన్నదే: వేళ్లు అంత చురుగ్గా తిరగనివారి చేతిలో పెట్టదగ్గ పేకముక్కల పుస్తకాన్ని ఎలా గుర్తుపట్టాలి? అట్టమీద ‘అభ్యాసం అక్కర్లేదు’ అని ఉంటే చాలదనీ, అసలు ఆ మాటే అనుమానించవలసిందనీ నా వాదం. చేతిపని తగ్గినచోట బుర్రపనీ నోటిపనీ పెరుగుతాయి. ఆ పెరిగిన పనిని నేర్పే పుస్తకమే మంచి పుస్తకం.

వాత్స్యాయనుడు అరవైనాలుగు కళల జాబితాలో ఇంద్రజాలాన్నీ హస్తలాఘవాన్నీ వేరువేరుగా లెక్కపెట్టాడు. ఈ తేడాను యూరప్ పుస్తకాలు ఆలస్యంగా పట్టుకున్నాయి. 1584లో రెజినాల్డ్ స్కాట్ ఇంగ్లండులో ద డిస్కవరీ ఆఫ్ విచ్‌క్రాఫ్ట్ రాశాడు. మంత్రగత్తెలని పేరుపెట్టి మనుషుల్ని చంపడం అన్యాయమని చెప్పడం అతని ఉద్దేశం. ఆ వాదనలో భాగంగానే గారడీల గుట్టు విప్పాడు. పేక విషయంలో అతను చెప్పినదానికి కీలకం చేతివాటమే. కలుపుతూ కూడా ఒక ముక్కను ఉన్నచోట ఉంచగలగాలి, అదే మూలం. 1612లో ఫ్రాన్స్‌లో బాషే ద మెజిరియాక్ అచ్చువేసిన గణిత వినోదాల పుస్తకంలో మాత్రం ముక్కల్ని వరసలుగా పంచి తలచుకున్నది పట్టే పద్ధతి ఉంది. దానికి వేళ్లతో పనిలేదు, కూడిక వస్తే చాలు.

ఆ పద్ధతి బిడ్డే మనందరికీ తెలిసిన ఇరవైఒక్క ముక్కల ఆట. మూడు వరసలు, వరసకు ఏడు. తలచుకున్న ముక్క ఏ వరసలో ఉందో చెప్పించుకుని, ఆ ఏడింటినీ మిగతా రెండు వరసల మధ్య పెట్టి ఎత్తుతాం. అంటే అది 8 నుంచి 14 లోపు ఎక్కడో ఉంది. మళ్లీ ఒక్కొక్కటిగా మూడు వరసల్లో పంచితే అది తన వరసలో మూడోది, నాలుగోది, ఐదోది మాత్రమే కాగలదు. మళ్లీ మధ్యలో పెట్టి ఎత్తితే 10, 11, 12 ఈ మూడు స్థానాల్లో ఒకటి. మూడోసారి పంచితే ఆ మూడూ నాలుగో అడ్డవరుసలోకే వస్తాయి. ఇక మధ్యలో పెట్టి ఎత్తాక తలచుకున్న ముక్క 11వది కాక తప్పదు. ఇంత కచ్చితమైన యంత్రం ఇంకోటి లేదు, ఇంత విసుగెత్తించేదీ లేదు. మూడుసార్లు పంచేసరికి చూసేవాడికి ఇందులో లెక్క ఉందని తెలిసిపోతుంది, ఏ లెక్కో తెలియకపోయినా సరే. ‘తనంతట తానే జరిగే’ గారడీకి చెడ్డపేరు వచ్చింది ఇక్కడే.

1902లో ఎస్. డబ్ల్యూ. ఎర్డ్‌నేస్ అనే మారుపేరుతో వచ్చిన ద ఎక్స్‌పర్ట్ ఎట్ ద కార్డ్ టేబుల్ చేతివాటానికి వేదమైంది. ఆ పేరు వెనక మనిషెవరో ఇప్పటికీ తేలలేదు. ఆ తర్వాత వేళ్లు తిరగనివాడు రెండోతరగతి గారడీవాడన్న భావం పాతుకుపోయింది. సరిగ్గా ఆ గాలి వీస్తున్నప్పుడే, కాలిఫోర్నియాలో కోళ్లు పెంచుకునే ఛార్లెస్ జోర్డాన్ 1919లో థర్టీ కార్డ్ మిస్టరీస్ తెచ్చాడు. పేకను రెండుగా చేసి, అంచులు చేర్చి జారవిడిచి ఒక్కసారి కలిపినంత మాత్రాన పాత వరస చెరిగిపోదనీ, రెండు పోగులుగా విడిపోయి లోపలే దాక్కుంటుందనీ గ్రహించి, దాన్ని గారడీగా మలిచినవాడు ఆయన. పేకను బాగా కలపాలంటే అలాంటి కలపడాలు ఏడు కావాలని బేయర్, డయాకోనిస్ గణితంతో నిరూపించింది 1992లో! గారడీవాడు ముందు, గణితజ్ఞుడు తర్వాత.

నార్మన్ గిల్‌బ్రెత్ 1958లో ప్రకటించిన సూత్రం ఇంకా అందమైనది. ఎరుపు, నలుపు ఒకటి తర్వాత ఒకటిగా పేర్చిన పేకలోంచి కొన్నింటిని ఒక్కొక్కటిగా పంచి వేరే కుప్ప చేయండి. ఇప్పుడు రెండు కుప్పల పైముక్కల రంగులు ఎప్పుడూ వేరుగానే ఉంటాయి. ఎవరైనా వాటిని ఒకదానిలో ఒకటి జారవిడిచి కలపనివ్వండి. పైనుంచి రెండేసి తీస్తే ప్రతి జతలోనూ ఒక ఎరుపు, ఒక నలుపు. రెండూ ఒకే కుప్పవైతే అవి పక్కపక్క ముక్కలు కాబట్టి వేరు రంగులు. చెరో కుప్పవైతే పైముక్కలు కాబట్టి వేరు రంగులు. జత తీసేశాక కూడా మిగిలిన పైముక్కలు వేరు రంగులవే, లెక్క మళ్లీ మొదటికి. గార్డ్‌నర్ తన శీర్షికలో ప్రచారం చేసిన సూత్రమిది. ఇందులో 21 ముక్కల ఆటలాంటి చాదస్తం లేదు. ఎందుకంటే కలిపేది ప్రేక్షకుడు. తను చెరిపేశాననుకున్నదే చెరగకపోవడంలో ఆశ్చర్యం ఉంది.

అయినా సూత్రం వేరు, పుస్తకం వేరు. జోర్డాన్, గిల్‌బ్రెత్ ఇచ్చినవి విత్తనాలు. వంట తెలియని ఇంటికి విత్తనాల మూట పంపితే ఏం లాభం? పుస్తకాల చరిత్రలో ఒక విచిత్రం కనిపిస్తుంది. గ్లెన్ గ్రావట్ 1936లో చేతివాటం అక్కర్లేని ట్రిక్కుల విజ్ఞానసర్వస్వం కూర్చాడు. దాన్ని 1937లో దిద్ది నిలబెట్టిన జీన్ హ్యూగార్డ్ 1940లో ఫ్రెడరిక్ బ్రౌతో కలిసి చేతివాటానికే ఒక ఉద్గ్రంథం రాశాడు. జాన్ స్కార్న్ జూదగాళ్ల మోసాలన్నీ చేసిచూపగల మనిషి. ఆయన 1950లో తోటి గారడీవాళ్ల ట్రిక్కుల్లోంచి చేతిపనిని తీసేసి 155 ట్రిక్కులతో స్కార్న్ ఆన్ కార్డ్ ట్రిక్స్ కూర్చాడు. స్విట్జర్లాండ్‌కు చెందిన రాబర్తో జాబీ చేతివాటం పాఠ్యగ్రంథం ఐదు సంపుటాలు రాసినవాడే, ఆ పని ఏమాత్రం లేని కార్డ్ కాలేజ్ లైట్ కూడా రాశాడు. చేతివిద్య లోతు చూసినవారికి ఒకటి బాగా తెలుసు: వేళ్లు దాచేపని మానుకున్నప్పుడు దాన్ని మాట దాచాలి. ముక్కలు ఎందుకు పంచుతున్నామో కథ చెప్పాలి, లెక్కకూ ఫలితానికీ మధ్య కాస్త ఎడం పెట్టాలి. పాల్ కర్రీ 1942లో తెచ్చిన అవుట్ ఆఫ్ దిస్ వరల్డ్ అనే ట్రిక్కులో ప్రేక్షకుడే ముఖం చూడని ముక్కల్ని ఎర్రవీ నల్లవీగా విడదీస్తాడు. నడిమధ్యలో, ఏ కుప్ప ఎరుపో ఏది నలుపో చూపే గుర్తుముక్కలు మార్చే ఘట్టం ఉంది. అక్కడ నోరు తడబడితే ఎంత గొప్ప పద్ధతీ కాపాడదు.

దీనికి రెండు అభ్యంతరాలు వస్తాయి. ఒకటి, కష్టపడనిదే కళేమిటి అన్నది. కష్టం లేదని ఎవరన్నారు? అది వేళ్ల కొసల నుంచి నాలుక కొసకు మారింది, అంతే. రెండోది గట్టి అభ్యంతరం. కార్ల్ ఫుల్వ్స్ 1976లో డోవర్ ద్వారా వేసిన సెల్ఫ్-వర్కింగ్ కార్డ్ ట్రిక్స్‌లో 72 ట్రిక్కులున్నాయి. మాటల కూర్పు స్వల్పం, పద్ధతి సూటిగా ఉంటుంది. ఎంతోమంది మొదలుపెట్టింది దానితోనే కదా, మీ కొలబద్దకు అది నిలబడదే అంటారు. నిజమే, సగమే నిలబడుతుంది. ఫుల్వ్స్ పద్ధతుల్లో మంచివాటిని ఏరిన తీరు గొప్పది, చవకగా దొరికింది కూడా. కానీ దాన్ని ఒంటరిగా చదివినవాడు 72 యంత్రాలు నేర్చుకుంటాడు, ఒక ప్రదర్శన కూడా నేర్చుకోడు. రెండో పుస్తకం తోడుగా ఉన్నప్పుడే అది వికసిస్తుంది. ఆ రెండోదిగా నేను జాబీనే చెబుతాను. ఒక్కో ట్రిక్కుకూ ఏ మాట ఎప్పుడనాలో, కళ్లు ఎటు తిప్పాలో, పేక కిందపెట్టేది ఎప్పుడో రాస్తాడు. ట్రిక్కులను విడివిడిగా పడేయకుండా మొదటిది, నడిమిది, చివరిది అని మూడేసి కలిపి ప్రదర్శనలుగా అల్లాడు. అలాంటివి ఏడు, మొత్తం ఇరవైఒక్క ట్రిక్కులు. వరసకు ఏడేసి ముక్కలతో మూడు వరసల ఆ పాత ఆటను ఎంత తిట్టుకున్నా, దాని లెక్క మాత్రం ఇక్కడా వదల్లేదు.