శిక్షకు ముందు ఒక ప్రశ్న

(కొయ్యూరులో తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



1924 మే 7న అల్లూరి సీతారామరాజును బ్రిటిష్ వారు కాల్చి చంపినది ఈ కొయ్యూరులోనే. మన్యం ప్రజల గోడు వినని పాలనపై ఆయన తిరగబడ్డారు. ఆయన పేరిట 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా జిల్లా ఏర్పడింది. ఆ పేరు పెట్టుకున్న జిల్లాలో బడిపిల్లల గోడు వినేవారెవరు? ఈ ఒక్క విషయమే నేడు మీ ముందు ఉంచదలచాము.

గుమాస్తా ఉద్యోగం చేసి పదవీ విరమణ పొందిన తరువాత మేము పిల్లల చదువుల పనిమీదనే తిరుగుతున్నాము. ఆ తిరుగుడులో ఒకచోట మన కుటుంబాలకు చెందిన ఏడవ తరగతి బాలుడు తోటి విద్యార్థిని కొట్టాడు. బడివారు అతనిని ఎండలో నిలబెట్టారు. తండ్రిని పిలిపించి, మీ వాడికి క్రమశిక్షణ లేదన్నారు. మరునాటి నుండి బాలుడు బడి మాని దుకాణంలో కూర్చున్నాడు. మేము వెళ్లి అడుగగా, చాలాసేపటికి నోరు విప్పాడు. నెలల తరబడి తరగతిలో అతనిని పేరుతో గాక మతంతో పిలుస్తున్నారు. ఆ పిలుపు విని నవ్వినవారిలో పెద్దలూ ఉన్నారు. కొట్టడం తప్పేనని అతనికి చెప్పాము. కాని ఎందుకు కొట్టావని అంతవరకు ఎవరూ అడగలేదు.

ఈ సంగతి ఒక గిరిజన తల్లితో చెప్పగా, ఆమె తన బిడ్డ కథ చెప్పింది. ఇంటి మాట నోట వస్తే తరగతి నవ్వుతుందని ఆ బాలిక మాట్లాడటమే మానుకున్నది. ఆ మౌనానికి బడిలో పెట్టిన పేరు మొద్దుతనం. మన బాలుడి కోపానికీ, ఆ బాలిక మౌనానికీ మూలం ఒక్కటే.

ఏజెన్సీలో విద్యకు ఇద్దరు పెద్దలున్నారు. జిల్లా విద్యాశాఖాధికారి, ఆయన కింద మండల విద్యాశాఖాధికారులు ఒక వరుస. ఆశ్రమ పాఠశాలలను చూసే గిరిజన సంక్షేమ శాఖ, ఐటీడీఏ మరొక వరుస. తనిఖీకి వచ్చిన అధికారి మార్కులు, మధ్యాహ్న భోజనం, మరుగుదొడ్లు చూస్తారు, చూడవలసిందే. దానితోపాటు హాజరుపట్టీ తెరిచి, వరుసగా రాని పిల్లల పేర్లు చదివి, ఎందుకు రాలేదని అడగాలి. సంత రోజున రాలేదా, జ్వరమా, అవమానమా? కారణం తెలిస్తే సగం మందు దొరికినట్లే. పై అధికారి అడుగుతారని తెలిస్తే ప్రధానోపాధ్యాయుడు ముందే అడుగుతారు. నాయకత్వమంటే మా దృష్టిలో ఇదే.

భాష విషయంలో దారి లేకపోలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2004లో ఎనిమిది గిరిజన భాషలలో మాతృభాషా ఆధారిత బోధనను ఆరంభించింది. కువి, కొండ, ఆదివాసీ ఒడియా అందులోనివే. ఏజెన్సీ ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించిన 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టివేసింది. కాబట్టి పిల్లల భాష తెలిసిన గురువును బడికి చేర్చే బాధ్యత జిల్లా పెద్దలపై మరింత పెరిగింది.

ఇది గిరిజనుల సమస్య, మనకెందుకని మనవారు అనరాదు. సచార్ కమిటీ 2006లో చెప్పినదేమి? 6 నుండి 14 ఏళ్ల ముస్లిం పిల్లలలో నాలుగవ వంతు మంది బడి ముఖం చూడనివారో, మధ్యలో మానినవారో. బడి ఈడు పిల్లలలో మదరసాలకు వెళ్లేవారు సుమారు 3 శాతమే. అంటే మనలో పేదల బిడ్డలకు సర్కారు బడియే దిక్కు. ఈ కొండలలో మనం కొద్దిమందిమి. గిరిజనులతో కలిసి అడిగితేనే మన మాటకు బలం.

అడిగే హక్కు చట్టంలోనే ఉన్నది. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శరీర దండనను, మానసిక వేధింపును నిషేధించింది. ఎనిమిదవ తరగతి పూర్తయ్యేవరకు పిల్లలను బడి నుండి తొలగించరాదని 16వ సెక్షన్ చెబుతున్నది. 21వ సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు, సంరక్షకులే. సభ్యులలో సగం మంది స్త్రీలు ఉండాలి. బలహీనవర్గాల పిల్లల తల్లిదండ్రులకు తగిన నిష్పత్తిలో చోటివ్వాలి. ఆ కుర్చీలు మనవి. సంతకం పెట్టి లేచిపోవడానికి కాదు, కూర్చుని అడగడానికి.

గుమాస్తాగా మేము నేర్చినది ఒక్కటున్నది. నోటిమాట గాలికి పోతుంది, కాగితం నిలుస్తుంది. అర్జీ తేదీ వేసి రాయండి. ఒకే విషయం రాయండి, ఎవరినీ దూషించకండి. నకలుపై ముద్ర, ఇన్‌వార్డు నెంబరు వేయించుకోండి. 32వ సెక్షన్ కింద ఇచ్చిన ఫిర్యాదును స్థానిక అధికార సంస్థ మూడు నెలలలో తేల్చాలి. తేల్చకపోయినా, తీర్పు నచ్చకపోయినా రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు వెళ్లవచ్చు. చదువు రాని తల్లులకు అర్జీ రాసిపెట్టడానికి మేమున్నాము, కాగితం ఖర్చు కూడా మాదే.

ఆ బాలుడు మళ్లీ బడికి వెళ్తున్నాడు. తండ్రి కాగితం పట్టుకుని ప్రధానోపాధ్యాయుని వద్దకు వెళ్లాడు. ఆయన బాలుని పక్కన కూర్చోబెట్టుకుని సంగతేమని అడిగారు. తరువాత తరగతికి వచ్చి, ఇక ఎవరినైనా పేరుతోనే పిలవాలన్నారు. అంతకు మించి ఏ ఖర్చూ కాలేదు. ఈ మన్యంలో ప్రతి బడిలోనూ శిక్షకు ముందు ఆ ఒక్క ప్రశ్న అడిగేలా చేయడం మనందరి పని.