కంప్యూటరు ఘోష – దాని నిదానము



ఆయుర్వేదమున రోగకారణమును నిర్ణయించు శాస్త్రమునకు నిదానమని పేరు. తెలుగువారి వాడుకలో నిదానమనగా తొందరపాటు లేకుండుట. ఈ రెండర్థములును కలిసివచ్చు సందర్భమొకటి నేడు అనేక గృహములలో ఏర్పడుచున్నది. పిల్లలు చదువుకొను గదిలో బల్లమీది కంప్యూటరు ఒకనాడు హఠాత్తుగా బుసకొట్టుటయో, గుఱ్ఱుమనుటయో ఆరంభించును. “ఫ్యాను పాడైనది” అని ఇంటిలో ఒకరు తీర్పు చెప్పుదురు. “యంత్రమే పాతబడినది, క్రొత్తది కొనవలెను” అని మఱొకరందురు. కాగితములు చూడకయే ఉత్తరువు వ్రాసినట్లు, రెండు తీర్పులును విచారణకు ముందే వెలువడును.

కంప్యూటరు పెట్టెలో సాధారణముగా మూడు నాలుగు చోట్ల ఫ్యానులుండును. ప్రాసెసరుమీద ఒకటి, పెట్టె వెనుక గోడకు ఒకటి, పవర్ సప్లైలో ఒకటి, గ్రాఫిక్స్ కార్డున్నచో దానిపై మఱియొకటి. లోపల వ్యయమగు విద్యుత్తు దాదాపు యావత్తును తుదకు వేడిమిగా మాఱును. ఆ వేడిని వెలుపలికి నెట్టుట వీని పని. వేడి పెరిగినకొలది మదర్‌బోర్డు ఫ్యానుల వేగమును హెచ్చించును. వేగము రెట్టింపైనచో వీచు గాలి రెట్టింపగును. ధ్వని మాత్రము సుమారు 15 డెసిబెల్లులు పెరుగును. కావున ఘోష పెరిగినంత మాత్రమున ఫ్యాను చెడినదని తలపరాదు. పలుమార్లు అది చెడిపోలేదు సరికదా, ఒంటిచేతితో ఇంటినంతటిని మోయుచున్న గృహిణివలె అధిక శ్రమ చేయుచున్నదని అర్థము.

అసలు ధ్వని యెట్టిదో గుర్తించుట నిదానమున మొదటి మెట్టు. ఎడతెగని గాలిహోరు వేడిమికి గుర్తు. దానికి కారణము దుమ్ము కావచ్చును, ప్రాసెసరుపై పూసిన థర్మల్ పేస్టు ఎండిపోవుట కావచ్చును, తెరవెనుక ఏదేని ప్రోగ్రాము విరామము లేక నడచుచుండుట కావచ్చును. ఈ మూడవదానిని టాస్క్ మేనేజరులో చూచి వెంటనే తెలిసికొనవచ్చును. యంత్రము పెట్టినపుడు గరగరలాడి, కొంతసేపటికి సద్దుమణుగు ధ్వని బేరింగులో కందెన తఱిగిపోయినదని తెలుపును. పెట్టెపై అరచేయి వేసి నొక్కినంతనే ఆగిపోవు గడగడ సడలిన మరమేకు వలనిది. తెరమీద పుటను జరపినపుడు హెచ్చుతగ్గులు చూపు సన్నని కీచుధ్వని ఫ్యానుది కానే కాదు. అది విద్యుత్ చుట్టల కంపనము. చెవికి చిరాకు కలిగించును గాని, సామాన్యముగా హాని చేయదు.

ఢిల్లీ ప్రాంతమున వేసవిలో వీచు దుమ్ముగాలులను ఇచ్చటివా రెఱుగుదురు. కిటికీలు మూసినను పుస్తకములపై దుమ్ము పేరుకొనును. అట్టి గాలినే నెలల తరబడి పీల్చిన పెట్టెలో ప్రాసెసరుపై నున్న లోహపు పలకల సందులు దుమ్ముతో పూడిపోవును. ఫ్యాను ఎంత వేగముగ తిరిగినను గాలి దూరదు. వేడిమి 100 డిగ్రీల సెల్సియస్‌ను సమీపించువేళకు అనేక ప్రాసెసరులు తమ వేగమును తామే తగ్గించుకొనును. అప్పటికిని వేడి తగ్గనిచో యంత్రము తనంతట తానే ఆగిపోవును. “ఘోష పెరిగినది, పని మందగించినది” అను రెండు ఫిర్యాదులకును అట్టిచో మూల మొక్కటియే.

రెండవ మెట్టు స్థాననిర్ణయము. 1816లో పారిస్ నగరమున లెనెక్ అను వైద్యుడు కాగితములను గొట్టముగా చుట్టి రోగి హృదయధ్వనిని వినెను. స్టెతస్కోపు పుట్టుక అదియే. ఆ ఉపాయమే ఇచ్చటను చాలును. యంత్రమును ఆపి, తీగను గోడనుండి ఊడదీసి, పెట్టె ప్రక్కపలకను తీయవలెను. పిమ్మట యంత్రమును మరల నడిపి, చుట్టిన కాగితపు గొట్టము ఒక కొనను చెవికి చేర్చి, రెండవ కొనను ఒక్కొక్క ఫ్యానువైపు త్రిప్పుచు వినవలెను. గొట్టము రెక్కలకు తగులరాదు. పైట చెఱగు, కండువా కొన, వ్రేలాడు జడ దూరముగ నుంచవలెను. సందేహము తీరనిచో, యంత్రము నాపి పెట్టెఫ్యాను తీగ నొకదానిని ఊడదీసి, రెండు నిమిషములు మాత్రము నడిపి చూడవచ్చును. ప్రాసెసరు ఫ్యానుపై ఈ పరీక్ష తగదు. పవర్ సప్లై పెట్టెను ఎట్టి స్థితిలోను విప్పరాదు. దానిలోని కెపాసిటర్లు తీగ ఊడదీసిన తరువాతను ప్రమాదకరమైన విద్యుత్తును నిలువ ఉంచుకొనగలవు.

ఈ విచారణలో నిజముగా జాగ్రత్తపడవలసిన ఘట్టమొకటి కలదు. ఫ్యాను నిమిషమునకు 1200 మార్లు తిరుగుచున్నదనుకొందుము. అనగా సెకనుకు 20 మార్లు. దాని రెక్కకు తీగ తగిలినను ఆ తాకిడి “బుర్రు”మని వినిపించునే గాని లెక్కపెట్టుటకు వీలుగా నుండదు. కావున యంత్రము పూర్తివేగమున నడచుచుండగా “టక్... టక్...” అని లెక్కింపదగిన శబ్దము వినవచ్చినచో ముందుగా హార్డ్ డిస్కును శంకింపవలెను. ఫ్యాను పోయినచో ఫ్యాను పోవును. హార్డ్ డిస్కు పోయినచో దానితోపాటు పోవునది వేఱు. బదిలీమీద బదిలీగా ఊరూరు తిరిగిన ఉద్యోగి కుటుంబమునకు పెండ్లి ఫొటోలు, గతించిన తల్లి కంఠధ్వని, స్వగ్రామమును గూర్చి తండ్రి చెప్పగా మనుమరాలు టైపు చేసిన పుటలు అన్నియు తఱచుగా ఆ ఒక్క డిస్కులోనే యుండును. ఫ్యానును నిందించుచు వారము దినములు గడపినవారు, ఎనిమిదవనాడు ఏ దుకాణమునను కొనలేనిదానిని పోగొట్టుకొనవచ్చును. అట్టి శబ్దము వినబడిన క్షణమున మఱి యే మరమ్మతుకును పూనుకొనక, ముఖ్యమైన ఫైళ్ళను మఱియొక డిస్కులోనికి ఎక్కించుటయే కర్తవ్యము.

ఇక చికిత్స. దుమ్మును మెత్తని కుంచెతో దులిపి గాలితో ఊదవలెను. ఊదునపుడు రెక్కలు తిరుగకుండ వ్రేలితో పట్టుకొనవలెను. లేనిచో మితిమీరిన వేగమున తిరిగి బేరింగు చెడును. అరిగిన బేరింగులో కొబ్బరినూనె చుక్క వేయు అలవాటు కొందఱికి కలదు. ఉత్తరదేశపు చలికాలమున సీసాలో ఆ నూనె గడ్డకట్టుట చూచినవారు ఆ పని చేయరు. ఫ్యాను స్వల్పమైన వస్తువు. అదే కొలతగల క్రొత్తదానిని అమర్చుట మేలు. కార్యాలయపు యంత్రముల విషయమున సిబ్బంది స్వయముగా పలక విప్పక, ధ్వని ఎప్పుడు, ఏ పని చేయుచుండగా వచ్చుచున్నదో వ్రాసి సంబంధిత శాఖకు పంపిన చాలును. ఆ నాలుగు పంక్తులే మరమ్మతు చేయువానికి సగము శ్రమ తగ్గించును.

చివర మఱొక మాట. ఘోషించుచున్న ప్రాసెసరు ఫ్యాను ఒకనాడు తనంతట తానే మౌనము వహించినచో, బాగైనదని సంతోషింపరాదు. అది తిరుగుచున్నదో, నిలిచిపోయినదో కన్నులార చూడవలెను. గ్రాఫిక్స్ కార్డులలో కొన్నింటి ఫ్యానులు పని తక్కువగా నున్నప్పుడు ఆగునట్లే నిర్మింపబడినవి; ప్రాసెసరు ఫ్యానున కట్టి విశ్రాంతి సాధారణముగా లేదు.

నేటి రాత్రి ఇండ్లకు చేరిన పిమ్మట సోదరీ సోదరులు తమ యంత్రమునెదుట రెండు నిమిషములు నిశ్శబ్దముగా కూర్చుండి దాని ఆరోగ్యధ్వని యెట్టిదో విని ఉంచుకొనవలెనని ప్రార్థన. ఆరోగ్యము నెఱిగినవానికే అనారోగ్యము తెలియును.

స్వస్తి.