ఏమీ వద్దనే బిడ్డ



బాక్సింగు సినిమా అనగానే "ఆ కొట్లాట మనకెందుకమ్మా" అని లేచిపోతాం మనం. మా చిన్నబ్బాయి బలవంతం మీద నేనొకటి చూశాను. 2010లో వచ్చిన 'ది ఫైటర్' అనే ఇంగ్లీషు చిత్రం. తీరా చూస్తే, రింగులో కంటే ఆ ఇంట్లోనే ఎక్కువ దెబ్బలు తగులుతున్నాయి!

అమెరికాలో, మసాచుసెట్స్ రాష్ట్రంలోని లోవెల్ అనే మిల్లుల ఊళ్లో నిజంగా జరిగిన కథ ఇది. తల్లి ఆలిస్‌కు ఇద్దరు కొడుకులు, ఏడుగురు కూతుళ్లు. పెద్దవాడు డిక్కీ, 1978లో షుగర్ రే లెనార్డ్ అంతటివాడితో తలపడ్డాడు. ఆ గొప్పే చెప్పుకుంటూ మత్తుమందుకు బానిసయ్యాడు. చిన్నవాడు మిక్కీకి పోటీలు కుదిర్చేది తల్లి, నేర్పేది అన్న.

ఒకసారి ఎదుటివాడికి జబ్బుచేస్తే, దాదాపు 9 కిలోలు ఎక్కువ బరువున్న మరొకణ్ణి తెస్తారు. పోటీ మానుకుంటే ఎవరికీ డబ్బు రాదు. తల్లీ అన్నా సరేనంటారు. మిక్కీ ముఖం పచ్చడైపోతుంది.

ఆ తల్లి చెడ్డదని నేననను. మత్తుమందు కొంపలో పెద్దకొడుకును పట్టుకుని ఆమె ఏడుస్తుంటే, వాడు కారులో పాట అందుకుంటాడు. ఏడుపు ఆపి ఆమే గొంతు కలుపుతుంది. నా కళ్లు చెమర్చాయి. దారి తప్పిన బిడ్డవైపే కదా తల్లి మనసు పరుగెత్తేది! కాని మిక్కీ ఒకనాడు, తనకూ ఆమె తల్లే కదా అని అడుగుతాడు.

ఆ మాటకు నా పక్కనున్న చిన్నవాడి వంక చూడలేకపోయాను. పెద్దవాడు పరీక్ష తప్పినప్పుడల్లా మళ్లీ ఫీజు కట్టాను. చిన్నవాడు చొక్కా అడిగితే "నువ్వు అర్థం చేసుకుంటావు కదా నాయనా" అన్నాను. అర్థం చేసుకోవడమే వాడి తప్పయింది.

మిక్కీ పక్షాన నిలిచిన షార్లీన్ అనే అమ్మాయి మీదికి తల్లీ కూతుళ్లు యుద్ధానికే వెళ్తారు. కొత్తగా వచ్చిన పిల్లే ఇల్లు విడదీసిందన్న నింద మనకు మాత్రం కొత్తా? చివరికి జైలునుంచి వచ్చిన డిక్కీ తానే వెళ్లి ఆమెతో రాజీపడతాడు. 2000లో లండన్‌లో మిక్కీ గెలుస్తాడు. తల్లిగా మెలిస్సా లియో, డిక్కీగా క్రిస్టియన్ బేల్ జీవించారు. ఇద్దరికీ 2011లో ఆస్కార్లు వచ్చాయి.

సినిమా అయ్యాక "నీకేం కావాలిరా?" అని మావాణ్ణి అడిగాను. "ఏమీ వద్దమ్మా" అన్నాడు. ఆ మాట ఈసారి నేను నమ్మలేదు. మీ ఇంట్లోనూ అలాంటి బిడ్డ ఉంటే, ఇంకొక్కసారి అడిగి చూడండి.