మొండితనమా, ఇంద్రియముల బాధయా?

ఉదయము పదిగంటల వేళ ఉస్మాన్‌గంజ్ వీధిలో నడచిన వారికి అచ్చటి సందడి యెట్టిదో మేము వర్ణింపనక్కరలేదు. మొజంజాహి మార్కెట్టుకును బేగంబజారునకును చేరువనున్న ఆ టోకు వర్తకపు వీధిలో తోపుడు బండ్లు, సరకు దింపు ట్రాలీలు, బస్తాలు మోయుచు దారి యిమ్మని కేకలు వేయు హమాలీలు, ఆగని హారనులు, గోనెసంచుల వాసన, ఎండుమిరపకాయల ఘాటు — ఇవన్నియు ఒకదానిపై నొకటి వచ్చి మీద పడును. అయినను మనలో పలువురము దేనిని గమనింపకయే నడచిపోదుము. అక్కరలేని చప్పుడును వెనుకకు నెట్టి, అక్కరయైన దానిని మాత్రమే ముందునకు తెచ్చు పనిని మన మెదడు మనకు తెలియకుండగనే చేయుచుండును. తెలియకుండ జరుగును గనుక, అదియు నొక పనియే యని మనకు తోచదు.

ఆ వీధిలో మేడమీది యింట పెరుగుచున్న ఏడేండ్ల బాలు నొకనిని ఊహింతము. బడికి పోవుటకు మెట్లు దిగి వీధిలో అడుగు పెట్టగానే చెవులు మూసికొని కూలబడును. చొక్కా లోపల కుట్టిన చీటీ మెడకు తగిలినచో చొక్కానే యూడదీసి పారవేయును. తలకు నూనె రాయబోయిన కేక పెట్టును. అదే బాలుడు ఇంటిలో గోడలను ఢీకొనుచు పరుగులిడును; మంచముమీది నుండి పదిమార్లు దూకును. బంధువులు గారాబము చేసి చెడగొట్టితిరందురు. బడిలో బెంచీ యెక్కించి నిలబెట్టుదురు. దుకాణము కట్టి విసిగి వచ్చిన తండ్రి రెండు దెబ్బలు వేయును. ఈ బాలుడు మా కల్పన. కాని యిట్టి బిడ్డను తమ యింటనో, పొరుగింటనో చూడని శ్రోతలు కొద్దిమందియే యుందురని మా నమ్మకము. వానికి పడుచున్న దెబ్బలు న్యాయమైనవా యన్నదియే నేటి మా ప్రసంగ విషయము.

ఇట్టి బిడ్డలకు తోడ్పడు శాస్త్రములలో ఒకటి ఆక్యుపేషనల్ థెరపీ. దీనిని వృత్తిచికిత్స యని తెనిగించుట కలదు. ఆ మాట వినగానే బుట్టలల్లుటయో, కుట్టుపనియో తోచును. బిడ్డకు వృత్తి యెక్కడిదని అడుగువారును కలరు. ఉన్నది. తినుట, స్నానము చేయుట, బొత్తాములు పెట్టుకొనుట, ఆడుకొనుట, పలకమీద వ్రాయుట, నిదురపోవుట — ఇవియే బిడ్డ వృత్తి. ఈ పనులకు అడ్డు వచ్చుదాని నెరిగి, దారి చూపుట ఈ చికిత్స ధ్యేయము. 1917లో అమెరికాలో దీనికొక సంఘమేర్పడినది. మన దేశమున 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో దీనికి మొదటి పాఠశాలను నెలకొల్పినది కమలా నింబ్కర్. ఆమె అమెరికాలో జన్మించి, వివాహముచే మన దేశీయురాలైన విదుషీమణి.

మనము ఇంద్రియము లైదని చిన్ననాట నేర్చితిమి. శరీరశాస్త్రము మరి మూడింటిని చేర్చుచున్నది. లోచెవిలో మూడు అర్ధవలయాకారపు నాళము లున్నవి. వానిలోని ద్రవము తల కదలిన దిక్కును మెదడునకు తెలుపును. కన్నులు మూసికొన్నను ఊయల ముందునకు పోవుచున్నదో వెనుకకు పోవుచున్నదో మనకు తెలియుట దాని చలువయే. రెండవది కండరములు, కీళ్ళు పంపు వార్త. చీకటిలో ముద్ద నోటికే పోవుట, చెవిలోనికి పోకుండుట దీనివలననే. మూడవది లోపలి గ్రహింపు: ఆకలి, దాహము, మూత్రము వచ్చుట, గుండె దడ. ఈ ఎనిమిదింటిలో ఏ ద్వారము నుండియైనను వార్త మితిమీరి హోరెత్తినచో బిడ్డ బెదరును. చాలీచాలక వచ్చినచో దానిని వెదకుకొనును. మన బాలునికి చెవి, చర్మము మిక్కిలి పదును. కండరముల వార్త మాత్రము చాలుట లేదు. కనుకనే వాడు తాకిన నేడ్చును, గోడకు తగులుకొని సంతోషించును. చూచువారికి ఇది పరస్పర విరుద్ధముగ తోచుటలో వింత లేదు.

ఈ భావములను ఒక సిద్ధాంతముగ కూర్చినది అమెరికా దేశపు థెరపిస్టు జీన్ ఎయిర్స్. ఆమె 1920 నుండి 1988 వరకు జీవించినది; ముఖ్య గ్రంథము 1972లో వెలువడినది. ఆమె సిద్ధాంత మంతయు నిలిచినదని మేము చెప్పజాలము. అమెరికా శిశువైద్యుల సంఘము 2012లో, ఇంద్రియ బాధను వేరొక రోగముగ పేరు పెట్టవలదనియు, ఇట్టి చికిత్స ఇతర చికిత్సలతో కలిపి చేయదగినదే యైనను దానికి ఆధారములు పరిమితమని తల్లిదండ్రులకు చెప్పవలెననియు హెచ్చరించినది. ఆటిజము గల బిడ్డలకు ఇంద్రియ స్పందన హెచ్చుగనో తగ్గుగనో ఉండుటను మాత్రము 2013 నాటి అమెరికా మనోవైద్యుల గ్రంథము లక్షణములలో చేర్చినది. 2014లో ముప్పది రెండుగురు బిడ్డలపై జరిగిన పరిశీలనలో తల్లిదండ్రులు కోరుకొన్న పనులలో మేలు కనబడినది. 2022లో బ్రిటనులో వెలువడిన, 138 మంది బిడ్డలపై జరిగిన పెద్ద పరిశీలనలో చిరాకు, ఆందోళనలు తగ్గుటలో మామూలు సేవకంటె అధిక ఫలము కనబడలేదు. కాబట్టి నెలకు వేలకు వేలు పోసి మాయమగునని ఎవరైన హామీ యిచ్చినచో, ఆ గుమ్మము దిగి వచ్చుటయే మేలు. ఇంటిలో ఖర్చు లేకుండ చేయదగిన సవరణల మాట వేరు.

మొదటి సవరణ బిడ్డకు కాదు, మనకు. రెండు వారములపాటు ఒక నోటుపుస్తకములో వ్రాయుడు: పేచీ ఏ వేళ వచ్చినది, ఎచ్చట, దానికి ముందేమి జరిగినది, ఎంతసేపటికి, దేనితో శాంతించినాడు. వర్తకుల యిండ్లలో లెక్క వ్రాయుట కొత్త కాదు గదా. మన బాలుని పుస్తకము తెరచిన యెడల, లారీలు సరకు దింపు వేళనే పేచీలు హెచ్చుట కనబడవచ్చును. అప్పుడు చేయదగినది బోధ కాదు. పావుగంట ముందుగ బయలుదేరుట, లేదా వెనుక సందు గుండ పోవుట. ఇంతకుముందే చెవి, కన్ను పరీక్ష చేయింపవలెను. చెవిలో చీము, కడుపులో పాములు, మలబద్ధకము, నిద్రలేమి ఉన్న బిడ్డ కూడ చికాకు పడును. వానికి కావలసినది మందు.

స్పర్శ విషయమున ఒక చిన్న సూత్ర మున్నది. ఈకవలె తేలికగ తాకుట ఇట్టి బిడ్డను ఉలికిపాటు పెట్టును. గట్టిగ, నిలుకడగ, చెప్పి తాకుట ఊరట నిచ్చును. మన పెద్దలు పసిబిడ్డను కాళ్ళపై పరుండబెట్టి నూనెతో మర్దించు తీరు ఇట్టిదే. వెనుకనుండి వచ్చి చటుక్కున భుజము తట్టవలదు. తువాలుతో సుతారముగ రాయుటకంటె నిదానముగ అదిమి తుడువుడు. గోళ్ళు స్నానమైన పిమ్మట, మెత్తబడియున్నప్పుడు తీయుడు. కొత్త చొక్కాను రెండు మూడు మార్లు ఉతికి, చీటీని కుట్టుతో సహా విప్పి తొడుగుడు. పెరుగన్నములో గడ్డ తగిలిన వాంతి చేసికొను బిడ్డకు ముక్కు మూసి తినిపించుట క్రూరత్వము. కవ్వముతో చిలికిన పెరుగు నుండి మొదలుపెట్టి, కొద్దికొద్దిగ చిక్కదనము పెంచవచ్చును. కంచములో కొత్త కూర ఒక మెతుకంత యుండుటకు ఒప్పుకొనుటయే మొదటి వారపు విజయము.

కండరముల ఆకలి మాట విశేషమైనది. బరువు మోయుట, నెట్టుట, లాగుట, పిసుకుట అను పనులు పెక్కుమంది బిడ్డలను కుదుట పరచునని థెరపిస్టుల అనుభవము. దీనికై యంత్రము లవసరము లేదు. సగము నిండిన నీళ్ళ బిందెను వంటయింటి నుండి పెరటికి తెచ్చుట, చపాతీ పిండి పిసుకుట, తడిబట్టలు పిండుట, పరుపు దులుపుట, రోటిలో పచ్చడికి రెండు పోట్లు వేయుట — ఇవన్నియు చికిత్సలే. ఉస్మాన్‌గంజ్ పిల్లవానికి తండ్రి దుకాణములోనే చేతినిండ పని కలదు: ఖాళీ గోనెలను మడిచి పేర్చుట, రెండు కిలోల పొట్లమును అరమీదికి చేర్చుట. బరువు బిడ్డ సునాయాసముగ మోయగలిగినంతయే యుండవలెను. ఇది కూలిపని కారాదు, పది నిముషముల కంటె మించరాదు. మేము హమాలీల పనిని పొగడుటకై ఇది చెప్పుట లేదు. వారి వెన్నెముకలు మోయు భారము వేరొక ప్రసంగమునకు తగిన విషయము. బడికి బయలుదేరుటకు ముందు ఇట్టి పని చేసిన బిడ్డ మెట్లు దిగునప్పటికి కొంత కుదురుకొనియుండవచ్చును. ఫలము లేదని నోటుపుస్తకము చెప్పినచో మానవచ్చును, పోయినదేమియు లేదు. బరువు చొక్కాలని అంగళ్ళలో అమ్మువానికి మాత్రము పరీక్షలలో చెప్పుకోదగిన ఫలము కనబడలేదని తెలియుడు.

కదలిక విషయమున మన ఆటలు మంచి బడి. కోతికొమ్మచ్చి, తొక్కుడు బిళ్ళ, చేతులు పట్టుకొని గిరగిర తిరుగు ఒప్పులకుప్ప — వీనిలో లోచెవికి, కాళ్ళకు, కన్నులకు చాలినంత పని కలదు. నిదానముగ ముందు వెనుకలకు ఊగు ఊయల శాంతపరచును. గిరగిర తిరుగుట ఉద్రేకపరచును. నిద్రవేళకు ముందు మొదటిదే తగును. తిరుగునప్పుడు ముఖము పాలిపోయినను, చెమట పట్టినను వెంటనే ఆపవలెను. మూర్ఛ వచ్చు బిడ్డలను వైద్యుని అడుగక తిప్పరాదు. ఉస్మాన్‌గంజ్‌లో ఆటకు చోటెక్కడిదని మీరడుగుదురు. న్యాయమైన ప్రశ్న. నాంపల్లి పబ్లిక్ గార్డెన్సు దూరము కాదు. వారమున రెండు ఉదయము లచ్చట పరుగెత్తనిచ్చుట ఇంటిలో పది బొమ్మలు కొనుటకంటె లాభము.

తన్ను తాను అదుపులో పెట్టుకొనుట యనునది బోధించిన వచ్చునది కాదు. అరువు తెచ్చుకొని నేర్చునది. పసిబిడ్డ తల్లి గుండె చప్పుడును, జోలపాట లయను అరువు తెచ్చుకొని శాంతించును. మెదడులో నిగ్రహమునకు సంబంధించిన ముందు భాగము ఇరువది యేండ్లు దాటిన తరువాత గూడ పెరుగుచుండును. ఏడేండ్ల వానికి అది పూర్తిగ లేదని కోపించుట, మీసము మొలవలేదని కోపించుట వంటిది. కేక పెట్టు బిడ్డపై మనము కేక పెట్టినచో, అరువిచ్చుటకు మనవద్ద శాంతి లేదని వానికి తెలియును. ఆ క్షణమున మాటలు తగ్గించి, గొంతు తగ్గించి, దీపము తగ్గించి, చెంత కూర్చుండుటయే చేయదగినది. ప్రశ్నలు, నీతులు అరగంట తరువాత.

శాంతముగ నున్నప్పుడు వానికి తన స్థితికి పేర్లు నేర్పవచ్చును. మేము పొయ్యి పోలికను వాడుదుము. సన్నసెగ, నడిమిసెగ, పెద్దమంట. "ఇప్పుడు నీ పొయ్యి యెట్లున్నదిరా?" యని రోజుకు నాలుగుమార్లు, పేచీ లేనప్పుడును అడుగుడు; "నాన్న పొయ్యి పెద్దమంటమీద నున్నది, కొంచెము నీళ్ళు త్రాగి వచ్చెదను" అని తండ్రియు తన మాట చెప్పవలెను. కొన్ని వారములకు బిడ్డ తానే వచ్చి మంట పెరుగుచున్నదని చెప్పినచో, దెబ్బలతో ఏనాడును రానిది వచ్చినదన్నమాట. ఇంటిలో ఒక మూల పాత బాలీసు, దుప్పటి వేసి వానికి విశ్రాంతి చోటుగ నియ్యుడు. కోపము వచ్చినప్పుడు అచ్చటికి తరిమినచో అది జైలగును. ఆ మూల వాని యిష్టము చొప్పున పోవునదిగ నుండవలెను.

నాంపల్లి వాసులకు ఏటేట వచ్చు కష్టము నుమాయిష్. 1938లో మొదలైన ఆ ప్రదర్శన జనవరి నెల వచ్చినదనిన ఊరినంతటిని రప్పించును. దీపములు, మైకులు, జనము, రంగులరాట్నము — మన బాలునికిది ఉస్మాన్‌గంజ్‌కు పదిరెట్లు. వానిని ఇంట విడిచి పోవుట సులభము. కాని అక్క చెల్లెండ్రు ప్రతి యేడు పోవుచుండ వాడు మాత్రము పొరుగింట నుండవలెనా? జనము పలుచగ నుండు వారపు రోజున, తెరచిన తొలి గంటలో పోవుడు. ఏమేమి చూతుమో ముందునాడే కాగితముపై బొమ్మలుగ గీసి చూపుడు. ముప్పావుగంట చాలును. చేయి రెండుమార్లు నొక్కిన ఇంటికి పోదమని అర్థమని ముందే ఒప్పందము చేసికొని, నొక్కిన వెంటనే, టిక్కెట్టు డబ్బు వృథాయైనను, బయటికి రండు. మాట నిలిచిన యెడల మరుసటి యేడు వాడు గంటసేపు నిలుచును. చెవులను కప్పు సాధనము జనములో పనికివచ్చును. దినమంతయు తగిలించి యుంచిన, చెవి మరింత సుకుమార మగునను భయము కలదు.

బడి పంతుళ్ళకు ఒక్క విన్నపము. పది నిముషములకంటె కూర్చుండలేని పిల్లవానిని తరగతి వెలుపల నిలబెట్టుట సులువే. వానినే నల్లబల్ల తుడువుమని, పుస్తకముల కట్టను పక్క గదికి చేర్చుమని పంపుట అంతకంటె సులువు. మరలి వచ్చి మరి పది నిముషములు కూర్చుండును. ద్వారమునకు, ఫంకాకు దూరముగ, గోడవైపున చోటిచ్చుటకు ఖర్చేమున్నది?

ఇంటి సవరణలతో తినుట, నిద్ర, బడి కుదుటపడని బిడ్డను వైద్యునికి చూపవలెను. 1953 నుండి శిశువులకు పేరొందిన నీలోఫర్ ఆసుపత్రి నాంపల్లికి చేరువనే రెడ్‌హిల్స్‌లో నున్నది. బుద్ధిమాంద్యము గల బిడ్డలకై 1984లో నెలకొన్న జాతీయ సంస్థ సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో కలదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము గుర్తించిన ఇరువదియొక్క వైకల్యములలో ఆటిజము నొకటిగ చేర్చినది; ధ్రువపత్రమునకు సిగ్గుపడి ఆలస్యము చేయు తల్లిదండ్రులు బిడ్డకు రావలసిన సదుపాయములనే పోగొట్టుచున్నారు.

థెరపిస్టును కలిసినప్పుడు మూడు ప్రశ్న లడుగుడు. మా బిడ్డ ఏ పనిని నేర్వవలెనని మీ లక్ష్యము? ఎన్ని వారములలో మార్పు కనబడవలెను? కనబడనిచో ఏమి మార్చెదరు? "శాంతముగ నుండును" అన్నది సమాధానము కాదు. శాంతము చూచువారి సుఖము కావచ్చును. "తన చొక్కా తానే తొడుగుకొని, చెవులు మూసికొనక, మెట్లు దిగి బడి రిక్షా వరకు నడచును" అన్నది సమాధానము. పోవునప్పుడు ఆ నోటుపుస్తకమును వెంట తీసికొని పొండు. అందులో దెబ్బలు పడిన దినములను గూడ దాచక వ్రాసియుండవలెను.